టీ కణానికి బ్రేకు ఎవరు వేస్తున్నారు?

బాబాయి మందుల చీటీలో నాలుగు పేర్లు ఉన్నాయి. మూడు మాత్రలు, ఒక ఇంజెక్షన్. మాత్రల్లో మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ రోజూ వేసుకోవాలి. సూర్యారావుపేటలో మందుల షాపు కుర్రవాడు ఆ మూడింటినీ అరలోంచి తీసి కవరులో పడేశాడు. నాలుగోదైన నివోలుమాబ్ కోసం ఫ్రిజ్ తలుపు తెరిచాడు. బొటనవేలంత సీసా అది. దాన్ని ఐసు ప్యాకుల మధ్య పెట్టి, థర్మోకోల్ డబ్బాకు టేపు చుట్టి, "దారిలో ఎక్కడా ఆగకండి సార్, తిన్నగా ఆసుపత్రికే" అన్నాడు.

ఆటోలో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని బాబాయి అడిగాడు. "ఇది లోపలికి వెళ్లి జబ్బును చంపుతుందా?"

"చంపదు బాబాయ్. అసలు జబ్బు జోలికే పోదు."

"మరి ఇంత డబ్బు పోసి ఎందుకు కొన్నట్టు?"

ఇంటర్ బైపీసీ పిల్లలకు జీవశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ని. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా డాక్టరు చెప్పిన మాటకు తాత్పర్యం చెప్పే పని నాదే. ఈ ప్రశ్నకు మాత్రం ఆటో దిగేలోపు జవాబు దొరకలేదు. ఆ తర్వాత నాలుగైదు సాయంత్రాలు సత్యనారాయణపురంలో వాళ్ల అరుగు మీద కూర్చుని చెప్పుకున్నదే ఈ వ్యాసం. సగం వివరణ ఆయనదే. ఎందుకంటే ఆయన బెజవాడలో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రాత్రి గూడ్సు బండ్ల మీద నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టిన ఖైనీ ఆయన్ని రిటైరయ్యాక కూడా వదల్లేదు. బుగ్గ లోపల పుండు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక రెండేళ్లు బాగానే గడిచి, మళ్లీ వచ్చింది.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. కరోనా వచ్చి వెళ్లినప్పటి నుంచి ‘ఇమ్యూనిటీ’ అనే మాట మన ఇళ్లలో ఉప్పూ పసుపూ అయిపోయింది. బెసెంట్ రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే కషాయం పొడి మొదలుకొని బిస్కెట్ దాకా అన్నీ దాన్ని పెంచేవే. మేడ మీద ట్యాంకులో నీటిమట్టంలాగా అదొక మట్టమనీ, తగ్గితే జబ్బులు వస్తాయనీ, నింపితే పోతాయనీ మన లెక్క. పిన్ని రోజూ పొద్దున్నే తిప్పతీగ కషాయం కాస్తోంది. ఈ ఇంజెక్షన్‌ను కూడా ఆ కషాయానికి ఖరీదైన అన్నగారు అనుకుంది. కానీ బాబాయి ఒంట్లో కొరత మట్టానిది కాదు. కావలసిన కణాలు ఆయన రక్తంలో ఉన్నాయి. కొన్ని కణితి గుమ్మం దాకా వెళ్లాయి కూడా. అక్కడ ఆగి నిలబడ్డాయి. వాటిని ఆపింది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఆ కణాలనే టీ కణాలంటారు. ‘టీ’ అంటే థైమస్. రొమ్ము ఎముక వెనకాల, గుండెకు కాస్త పైన ఉండే మెత్తటి గ్రంథి. వయసుతో పాటు కుంచించుకుపోతుంది కాబట్టి చాలాకాలం దాన్ని పనికిరాని అవయవంగానే చూశారు. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల్లో దాన్ని తీసేసి చూస్తే, అవి అంటురోగాలను తట్టుకోలేకపోయాయి. ఇతర ఎలుకల చర్మం అతికించినా వాటి ఒళ్లు తిరస్కరించలేదు. పరాయిదాన్ని గుర్తుపట్టే కణాలు తర్ఫీదు పొందేది ఆ గ్రంథిలోనే అని అలా తెలిసింది. ఆ తర్ఫీదు మామూలుది కాదు. అక్కడికి చేరిన పసి కణాల్లో నూటికి 90కి పైగా బయటికి రాకుండానే చచ్చిపోతాయి. అసలు గుర్తుపట్టడమే చేతకానివీ పోతాయి, మన సొంత కణాల మీద విరుచుకుపడేవీ పోతాయి. మన పోటీ పరీక్షలు దీని ముందు దిగదుడుపు.

టీ కణం దేన్ని చూసి గుర్తుపడుతుంది? కణం లోపలికి అది తొంగిచూడలేదు. అయితే మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారైన ప్రోటీన్లను ముక్కలు చేసి, కొన్ని ముక్కలను పైపొర మీద బయటికి పెడుతూ ఉంటుంది. వీధిలో పారేసిన విస్తళ్లను చూసి ఆ ఇంట్లో ఏం వండారో చెప్పేవాళ్లు ఉంటారు కదా, టీ కణం అలాంటిది. ముక్క ఎప్పటిదే అయితే దాటిపోతుంది. వైరస్ ముక్క అయినా, జన్యువు చెడిపోవడం వల్ల పుట్టిన వింత ముక్క అయినా నిలబడుతుంది. క్యాన్సర్ మన సొంత కణాలే దారి తప్పి పెరగడం కాబట్టి విస్తట్లో తొంభైతొమ్మిది పాళ్లు మన వంటే. పొగాకు వల్లో, చర్మం మీద ఎండ వల్లో జన్యువులు బాగా చెడిన కణితుల్లో వింత ముక్కలు ఎక్కువ. ఈ మందులు మొదట గట్టి ఫలితం చూపింది మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో, ఆ తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో. దానికి ఇదొక కారణం.

ముక్కను పట్టుకునే ఆ చెయ్యి, అంటే టీ కణపు రిసెప్టర్ ప్రోటీన్, ఎలాంటిదో 1982లో బయటపెట్టినవారిలో జేమ్స్ అలిసన్ ఒకరు. టెక్సస్‌లో ఆలిస్ అనే చిన్న ఊరు ఆయనది. చిన్నతనంలోనే తల్లిని లింఫోమా తీసుకుపోయింది. తర్వాత ఇద్దరు మేనమామలు కూడా క్యాన్సర్‌తోనే పోయారు. తీరిక దొరికితే మౌత్ ఆర్గాన్ వాయిస్తాడు. అయినా క్యాన్సర్‌కు మందు కనిపెడదామని బయలుదేరిన మనిషి కాదు, టీ కణం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న పంతం ఆయనది. నాకు ఆయన నచ్చేది అందుకే.

ముక్కను పట్టుకోగానే టీ కణం యుద్ధానికి కదులుతుందని మొదట అనుకున్నారు. నేను కూడా బాబాయికి అలాగే చెప్పబోయాను. "సిగ్నల్ పడగానే డ్రైవరు బండి తీసినట్టు..." అన్నానో లేదో, ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"సిగ్నల్ పడితే బండి కదిలిపోతుందా? వెనకాల నేను ఈల వేసి పచ్చజెండా ఊపకుండా?"

నిజమే. అది నా పాఠం కన్నా మంచి పాఠం. టీ కణానికి కూడా రెండు అనుమతులు కావాలి. ముక్క దొరకడం మొదటిది, అది ముందున్న సిగ్నల్. టీ కణం మీదే ఉండే సీడీ28 అనే ప్రోటీన్, ముక్కను చూపించే కణం మీది బీ7 అనే ప్రోటీన్‌ను అందుకోవడం రెండోది. అది వెనకాల ఊగే పచ్చజెండా. రెండూ కుదిరితేనే కణం కదులుతుంది, ఒకటి వందలై వేలై పెరుగుతుంది. జెండా లేకుండా సిగ్నల్ ఒక్కటే పడితే కణం కదలకపోగా మొద్దుబారిపోతుంది కూడా.

"నా వ్యానులో నాకూ ఒక బ్రేకు ఉంటుంది, ఆ సంగతి చెప్పలేదు నువ్వు" అన్నాడు బాబాయి. ఆ సంగతి దగ్గరికే వస్తున్నాను.

1987లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు టీ కణాల్లో సీటీఎల్ఏ-4 అనే ప్రోటీన్ జన్యువును కనుగొన్నారు. చూడటానికి అది సీడీ28కు తోబుట్టువులా ఉంది. అదే బీ7ను పట్టుకుంటుంది, అదీ మరింత గట్టిగా. ఇదీ ఒక పచ్చజెండాయే అయి ఉంటుందని ఎక్కువమంది భావించారు. అలిసన్, జెఫ్రీ బ్లూస్టోన్ బృందాలు వేరువేరుగా పరిశోధించి, ఇది జెండా కాదు, బ్రేకు అని తేల్చాయి. టీ కణం కదిలిన కొంతసేపటికి సీటీఎల్ఏ-4 పైపొర మీదికి వచ్చి, సీడీ28కు దక్కాల్సిన బీ7ను తానే లాగేసుకుంటుంది. జెండా పట్టిన చెయ్యి కిందికి వాలిపోతుంది. ఈ బ్రేకు ఎంత అవసరమో 1995లో స్పష్టమైంది. సీటీఎల్ఏ-4 లేకుండా పుట్టించిన ఎలుకలు మూడు నాలుగు వారాలకే చచ్చిపోయాయి. అదుపు లేని టీ కణాలు వాటి గుండెనూ కాలేయాన్నీ కూడా తినేశాయి.

బ్రేకు దొరికినప్పుడు మిగతావాళ్లకు తట్టిన ఆలోచన ఒకటే. కీళ్లవాతంలాగా ఒళ్లు తనను తానే కొట్టుకునే జబ్బుల్లో దీన్ని మరికాస్త బిగిస్తే బాగుంటుందని. తప్పుడు ఆలోచన కాదది, ఆ దారిలోనూ మందు వచ్చింది. అలిసన్ ఆలోచన మాత్రం తిరగబడింది. బిగించడం కాదు, కాసేపు వదిలేస్తే? 1994 చివర్లో కణితులున్న ఎలుకలకు సీటీఎల్ఏ-4ను కప్పేసే యాంటీబాడీ ఇచ్చి చూశారు. కణితులు కరిగిపోయాయి. నమ్మలేక క్రిస్మస్ సెలవుల్లోనే మళ్లీ చేశారు. అదే ఫలితం. 1996లో పరిశోధనను ప్రచురించారు.

అంతా అయిపోయిందనుకుంటే పొరపాటు. మందుల కంపెనీలు చాలాకాలం ముఖం చాటేశాయి. ఒళ్లే క్యాన్సర్‌తో పోరాడేలా చేస్తామన్న మాట అప్పటికి వందేళ్లుగా వినిపిస్తోంది. న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ 1891లోనే కణితుల్లోకి బాక్టీరియాను ఎక్కించి, కొందరిలో అవి తగ్గడం చూశాడు. కానీ ఎవరికి పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో చెప్పలేకపోయాడు. తర్వాత వచ్చిన ఆశలు కూడా చాలావరకు అలాగే చల్లారాయి. చివరికి మెడరెక్స్ అనే సంస్థ ముందుకొచ్చింది. మనుషుల్లో పరీక్షలు మొదలయ్యాక ఇంకో చిక్కు. కీమో పనిచేస్తే కణితి వారాల్లో చిక్కిపోతుంది. ఇక్కడ కొందరిలో ముందు పెరిగినట్టు కనిపించి, నెలల తర్వాత తగ్గింది. టీ కణాలు గుంపులుగా లోపలికి చేరితే స్కానింగ్‌లో కణితి ఉబ్బినట్టే ఉంటుంది మరి. పాత కొలబద్దతో కొలిస్తే మంచి మందు కూడా ఫెయిలే. అందుకని కణితి కొలతను పక్కనపెట్టి, రోగి ఎంతకాలం బతికాడన్నది చూశారు. 2010లో వచ్చిన ఫలితాల్లో సగం మంది రోగులు బతికి ఉన్న కాలం 6.4 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. వినడానికి పెద్ద సంఖ్య కాదు. అసలు విశేషం ఆ మధ్య అంకెలో లేదు, దాని తోకలో ఉంది. ఈ మందు తీసుకున్న ముదిరిన మెలనోమా రోగుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు మూడేళ్లు దాటారు. దాటినవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి బతికారు. 2011 మార్చిలో అమెరికాలో ఇపిలిముమాబ్ పేరుతో దానికి అనుమతి దొరికింది.

బాబాయి సీసాలోది మాత్రం ఇపిలిముమాబ్ కాదు. దాని కథ జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో మొదలవుతుంది. 1992లో తసుకు హోంజో బృందం పీడీ-1 అనే ప్రోటీన్‌ను కనుగొంది. పీడీ అంటే ‘ప్రోగ్రామ్డ్ డెత్’, కణం తనంతట తాను చనిపోవడం. అందులో దానికి పాత్ర ఉందనుకుని ఆ పేరు పెట్టారు. ఆ ఊహ తప్పింది, పేరు మిగిలింది. అది లేని ఎలుకలకు, ఒళ్లు తనను తానే కొట్టుకునే లూపస్‌లాంటి జబ్బు రావడంతో ఇదీ బ్రేకేనని తెలిసింది. అయితే తేడా ఉంది. సీటీఎల్ఏ-4 ముఖ్యంగా స్టేషన్‌లో పనిచేసే బ్రేకు. టీ కణం బయలుదేరే చోట, అంటే లింఫు గ్రంథుల్లో. పీడీ-1 పనిచేసేది దారిలో, కణితి దగ్గర.

"అయితే అది చైను" అన్నాడు బాబాయి.

అంతే. ప్రతి పెట్టెలో ప్రయాణికులకు అందేలా చైను ఉంటుంది. దాన్ని పెట్టింది ఆపద కోసమే. ఒంట్లో కూడా అంతే. ఇన్‌ఫెక్షన్ తగ్గుముఖం పట్టాక టీ కణాలు ఇంకా కొడుతూనే ఉంటే చుట్టూ ఉన్న మంచి కణాలు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పైకి చాపి, వాటి పీడీ-1ను లాగుతాయి. ఇక చాలు, ఆగమని. క్యాన్సర్ కణం ఆ కిటుకు నేర్చేసుకుంటుంది. మధురానగర్ దగ్గర ఇల్లుందని చైను లాగి దిగిపోయేవాళ్ల మీద బాబాయి సర్వీసంతా కేసులు రాశాడు. ఇప్పుడు తన బుగ్గలోనే అలాంటివాళ్లు లక్షల్లో కూర్చుని పీడీ-ఎల్1 చేతులతో చైను లాగుతున్నారంటే, చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాడు.

నివోలుమాబ్ చేసే పని ఆ చైనుకు మూత వేయడం. టీ కణం మీది పీడీ-1ను కప్పేస్తుంది. లాగే చెయ్యి చాపినా చైను అందదు. క్యాన్సర్‌ను చంపేది బాబాయి సొంత టీ కణాలే. అలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి కలిపి ఇచ్చినప్పుడు దాని మీద రాసిందీ ఇదే. నిరోధక వ్యవస్థ పగ్గాలను సడలించి క్యాన్సర్‌కు చికిత్స చేయడమని. ఇదే కోవకు చెందిన పెంబ్రోలిజుమాబ్‌ను మెదడు దాకా పాకిన మెలనోమాకు 2015లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు ఇచ్చారు. ఆయన వందేళ్లు నిండాక, 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఆ కథ చెప్పగానే పిన్ని ముఖం వెలిగింది. అందుకే వెంటనే రెండో సగం చెప్పాల్సి వచ్చింది. ఈ మందు అందరికీ పనిచేయదు. పనిచేయనివాళ్లే ఎక్కువ. చైనుకు మూత వేయాలంటే ముందు ఆ మార్గంలో బండి ఉండాలి. కొన్ని కణితుల్లోకి టీ కణాలు అసలు అడుగే పెట్టవు. కొన్నిచోట్ల అవి ఏళ్ల తరబడి ఆగి ఆగి అలసిపోయి ఉంటాయి. అంత అలసిపోయిన కణాన్ని మూత ఒక్కటే లేపలేదు. ఇక్కడ రైలు పోలిక కూడా తెగిపోతుంది. రైలు ఎన్నాళ్లు ఆగినా మళ్లీ కదులుతుంది.

పైగా చైనుకు మూత వేస్తే దొంగ చేతులకే కాదు, నిజంగా ఆపదలో ఉన్నవాళ్లకూ అది అందదు. పేగు, ఊపిరితిత్తి, కాలేయం, చర్మం, థైరాయిడ్, ఏదైనా టీ కణాల చేతికి చిక్కవచ్చు. మూడో డోసు తర్వాత బాబాయి పగలు కూడా నిద్రపోవడం మొదలుపెట్టాడు. చలి అంటున్నాడు, అదీ మే నెల బెజవాడలో. వయసనుకున్నాం, దిగులనుకున్నాం. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ పడిపోయింది. ఇప్పుడు ఉదయం పరగడుపున ఇంకో చిన్న మాత్ర చేరింది. అది తేలికైన దెబ్బ. భయపడాల్సింది విరేచనాలకు, ఆయాసానికి. బయటి తిండి పడలేదనుకుని షాపులో అడిగి మాత్ర వేసుకుని కూర్చుంటారు మనవాళ్లు. ఈ మందు మీద ఉన్నవారికి అది టీ కణాలు పేగును కొడుతున్న గుర్తు కావచ్చు. దానికి స్టెరాయిడ్లతో వేరే చికిత్స ఉంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. చివరి డోసు తర్వాత నెలలు గడిచాక కూడా ఇలా జరగవచ్చు కాబట్టి, జ్వరానికి వెళ్లినా ఆ డాక్టరుకు ముందు ఈ ఇంజెక్షన్ పేరు చెప్పాలి. బాబాయి పర్సులో ఒక కాగితం మీద రాసి పెట్టాను.

బంధువుల్లో ఒకరు ఫోను చేసి, బొంబాయిలో టీ కణాలను బయటికి తీసి బాగుచేసి ఎక్కిస్తున్నారట, అది చేయించరేం అని అడిగారు. అది కార్-టీ. అందులో బ్రేకు వదలడం లేదు, బండికే కొత్త ఇంజను బిగిస్తారు. రోగి టీ కణాలకు ప్రయోగశాలలో కొత్త రిసెప్టర్ తొడిగి తిరిగి ఎక్కిస్తారు. 2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే చిన్నారికి వచ్చిన లుకేమియా అనే రక్త క్యాన్సర్ దీనితో తగ్గింది. 2017లో అక్కడ అనుమతి దొరికినప్పుడు ధర 4,75,000 డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు మూడు కోట్ల రూపాయలు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కు 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఖర్చు 50 లక్షల లోపుకు దిగింది. నిజంగా గర్వించదగ్గ పని. కానీ అది వెతికేది సీడీ19 అనే గుర్తును, అది ఉండేది బీ కణాలనే మరో రకం రక్షణ కణాల మీద. కొన్ని రక్త క్యాన్సర్లకే పనికొస్తుంది. బుగ్గలో గడ్డకు కాదు.

బుగ్గలో గడ్డలు మన దేశానికి పెద్ద బెడద. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమే గుంటూరులో ఉన్న ప్రాంతం మనది, ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. నివోలుమాబ్ మామూలు మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. రిటైరైన గార్డుకు అది మోయలేని ఖర్చు. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు వేరే లెక్క వేశారు. పీడీ-1లను చాలావరకు కప్పడానికి ఇంకా చాలా తక్కువ మందే సరిపోతుందని తొలి పరీక్షల్లోనే ఆధారాలు కనిపించాయి. చైనుకు ఒక మూత పడ్డాక దాని మీద పది మూతలు ఎందుకు? మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే ఇచ్చి, తోడుగా చవక మాత్రలు మూడు కలిపారు. పన్నెండు వారాల లెక్క తీస్తే మామూలు మోతాదులో పద్ధెనిమిదో వంతు. తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిలో సగం మందికి మాత్రలు ఒక్కటే, సగం మందికి మాత్రలతో పాటు ఈ చిన్న మోతాదు. 2022లో ప్రచురించిన ఫలితాల్లో ఏడాది తర్వాత బతికి ఉన్నవారు మాత్రల గుంపులో 16.3 శాతం, ఇంజెక్షన్ కూడా తీసుకున్న గుంపులో 43.4 శాతం. మామూలు మోతాదుతో ఇది సమానమా అన్న ప్రశ్నకు ఆ పరీక్ష జవాబు చెప్పదు, అందులో ఆ పోటీ పెట్టలేదు. కొనలేని మందుకూ కొనగలిగిన మందుకూ మధ్య ఎంచుకోవాల్సిన ఇంట్లో మాత్రం అది మొదటి ప్రశ్న కాదు.

బాబాయి చీటీ ఆ పద్ధతి ప్రకారం రాసిందే. ఇప్పుడు అందులో మొదటి పేరు మళ్లీ చూడండి. మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన బృందం నుంచి వచ్చిన మందు. దాని అక్క అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఫోలిక్ ఆమ్లం అందకుండా చేసి కణాన్ని మాడ్చే మందు అది. శత్రువును తిన్నగా కొట్టే పాత పద్ధతి. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. ఆ ఆగస్టులోనే టెక్సస్‌లో జేమ్స్ అలిసన్ పుట్టాడు. దీనికి అర్థమేమీ లేదు, కాకతాళీయం. అయినా చీటీ మీద ఆ రెండు దారుల మందులు ఒకదాని కింద ఒకటి కనిపించినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

నివోలుమాబ్ చిన్న సీసాలో 40 మిల్లీగ్రాములు ఉంటుంది. బాబాయికి కావలసింది 20. మిగిలింది పారబోయకుండా, ఇలాంటి మోతాదే రాసిన ఇంకొకరిని డాక్టరు అదే మంగళవారానికి రమ్మంటారు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. ఖర్చు చెరిసగం. సీసా తెరిస్తే ఎక్కువసేపు ఉంచకూడదు కాబట్టి ఇద్దరూ వచ్చాకే నర్సు దాని మూత తీస్తుంది.

మొన్న మంగళవారం ఆయన బండి లేటు. సెలైన్ స్టాండు పక్కన కుర్చీలో కూర్చుని, బాబాయి రెండుసార్లు గోడ గడియారం చూశాడు. తర్వాత నా ఫోను అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టుకుని, బండి ఎక్కడుందో వెతికాడు.

"కృష్ణా కెనాల్ దాటింది" అన్నాడు నర్సుతో. "ఇంకో ఇరవై నిమిషాలు."